బొరుగులు అని రాసిన రోజు నుంచి

అనంతపురంలో సుభాష్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక డీటీపీ షాపులో నేను పదమూడేళ్ళు పనిచేశాను. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం పిలుపులు, ఎన్నికలప్పుడు కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. తెలుగు టైపింగ్‌లో నా చేయి ఆగేది కాదు. ఆ ధైర్యంతోనే 2019లో వంటల బ్లాగు మొదలుపెట్టాను. ఆరేళ్ళయింది. షాపులో నా చివరి జీతం ఎంతో, ఇప్పుడు నెలకు దాదాపు అంత బ్లాగు మీద వస్తోంది. ఎలా వచ్చిందో, మధ్యలో ఎక్కడ పోయిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నేను మొదలుపెట్టేటప్పుడు ఎక్కడ వెతికినా "నెలకు లక్ష సంపాదించండి" అనే మాటే కనిపించింది. తెలుగులో రాసే మనిషికి నిజంగా ఎంత వస్తుందో చెప్పినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

షాపులో పని లేని మధ్యాహ్నాల్లో మా అత్త చెప్పిన వంటలు టైపు చేసి పెట్టుకునేదాన్ని. అలా అరవై దాకా అయ్యాయి. మా పాప అప్పుడు ఇంటర్ చదువుతోంది. "అమ్మా, జేజి వంటలన్నీ రాసిపెట్టినావు కదా, నెట్‌లో పెడదాం" అని తనే బ్లాగు తెరిచింది. నేను ఫైలు తెచ్చి పేస్టు చేస్తే తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. నేను టైపు చేసిందంతా అను ఫాంట్లలో. ఆ పాత ఫాంట్లలో మన కంటికి కనిపించేది తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అవి ఇంగ్లిష్ అక్షరాలే. వాటి చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, అంతే. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. గూగుల్ చదవగలిగేది దాన్నే. పదమూడేళ్ళు తెలుగే టైపు చేసి కూడా ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

అను అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో వేసి చూశాం. ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరం కిందికి చేరాయి. దిద్దడం కంటే మళ్ళీ కొట్టడమే నయమనిపించింది. రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని అరవై వంటలూ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను. ఆ పని వృథా కాలేదు. రెండోసారి కొడుతుంటే ప్రతి వంటలోనూ "తగినంత", "కొంచెం", "చారెడు" అన్న మాటలే కళ్ళకు కొట్టాయి. మా అత్త చారెడు వేరు, నా చారెడు వేరు. చదివేవాళ్ళది ఇంకా వేరు. ఒక తూకం మిషన్ కొన్నాం. అత్త చారెడు తీస్తే గిన్నెలో వేయించి తూచడం, చింతపండు ఉండ చేస్తే దాన్ని తూచడం. మొదట్లో ఆమెకు విసుగొచ్చేది. "నా చేతికి నువ్వు కాటా పెట్టినావు" అనేది. వారం గడిచాక తనే "ఇదీ తూచు" అని అందివ్వడం మొదలుపెట్టింది. ఈ రోజుకీ నా వంటలకు పేరొచ్చింది ఆ తూకాల వల్లే అని నా నమ్మకం.

అయితే మొదటి ఆరు నెలలు నేను చేసిన తప్పు ఒకటుంది. టీవీ వంటల కార్యక్రమాల్లో మాట్లాడినట్టు రాశాను. మేం బొరుగులు అంటాం, మరమరాలు అని రాశాను. ఎర్రగడ్డల్ని ఉల్లిపాయలు, తెల్లగడ్డల్ని వెల్లుల్లి, మటిక్కాయల్ని గోరుచిక్కుడు చేశాను. పప్పులపొడిని పుట్నాల పొడి అన్నాను. ఓళిగల్ని బొబ్బట్లు అన్నాను. ఉగ్గాణికి "మరమరాల ఉప్మా" అని పేరు పెట్టాను. అన్ని జిల్లాలవాళ్ళకూ అర్థం కావాలి కదా అనుకున్నాను. అది తప్పు ఆలోచనేం కాదు. కానీ ఆ పేర్లతో అప్పటికే పెద్ద పెద్ద సైట్లు, లక్షల మంది చూసే ఛానళ్ళు ఉన్నాయి. ఆ గుంపులో నా పేజీ ఎక్కడో పదో పుటలో పడి ఉండేది. రోజుకు పదిమందో పదిహేనుమందో వచ్చేవాళ్ళు, అందులో సగం మా చుట్టాలే.

ఒకరోజు పాప పైకి చదివి వినిపిస్తుంటే మా అత్త ఆపింది. "బొరుగుల్ని మరమరాలంటావేందమ్మే? మనింట్లో ఎవురన్నా ఎప్పుడన్నా అట్లన్నారా?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

అదే వారం గూగుల్ సెర్చ్ కన్సోల్ మొదటిసారి సరిగ్గా తెరిచి చూశాను. జనం ఏ మాట కొట్టి వెతికితే మన పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కారో అందులో ఉంటుంది. ఉచితం. బ్లాగు పెట్టినవాళ్ళు యాడ్స్ కంటే ముందు నేర్చుకోవాల్సింది దీన్నే అంటాను. ఆ జాబితాలో నాకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో. రెండోది, నేను ఎక్కడా పెద్దగా వాడని "ఉగ్గాణి", "బొరుగులు" అనే మాటలకు నా పేజీ అప్పుడప్పుడూ కనిపిస్తోంది. "ఉగ్గాణి ముద్దయితే ఏం చేయాలి" అని కూడా ఒకరు వెతికారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఉగ్గాణి ఎందుకు ముద్దవుతుంది? మా ఇంట్లో ఎప్పుడూ కాదు. మా వైపు దొరికే బొరుగులు కాస్త గట్టిగా ఉంటాయి, నీళ్ళలో వేసి తీసి పిండినా నిలబడతాయి. వేరే ఊళ్ళలో దొరికే పల్చటివి నీళ్ళు తగలగానే మెత్తబడిపోతాయి. ఊరికే రాసేస్తే సరిపోదని మూడు రకాల బొరుగులు తెప్పించాను. ఒక్కో రకాన్ని ఎన్ని సెకన్లు తడపాలో గడియారం పెట్టుకుని చూశాను. పల్చటివాటిని అసలు నానబెట్టకూడదు, జల్లెడలో పోసి పైన నీళ్ళు చిలకరించి వెంటనే పోపులో కలపాలి. పప్పులపొడి స్టవ్ ఆపాక చల్లితే మిగిలిన తడి అది పీల్చుకుంటుంది. ఇదంతా ఫోటోలతో పెట్టి, "ఉగ్గాణి ముద్ద కాకుండా: ఏ బొరుగులకు ఎన్ని నీళ్ళు" అని పేరు పెట్టాను. మొదటి వాక్యంలోనే బొరుగుల్ని కొన్ని చోట్ల మరమరాలంటారని, అమెరికాలో ఇండియన్ షాపుల్లో పొట్లం మీద మమ్రా అని ఉంటుందని రాశాను. మా మాట ముందు, వాళ్ళ మాట పక్కన. ఆ పద్ధతి ఇప్పటికీ మార్చలేదు.

ఆ ఒక్క పేజీకి రెండు నెలల్లో అంతకుముందు బ్లాగు మొత్తానికి వచ్చినంత మంది వచ్చారు. తర్వాత పాత అరవైనీ అదే వరసలో తిరగరాశాను. ఊరుబిండి, ఓళిగల తర్వాత పప్పు కట్టుతో పెట్టే చారు, జొన్నరొట్టె విరగకుండా తట్టడం, సంగటి ఉండకట్టకుండా గెలకడం. బళ్ళారి, బెంగళూరులో ఉండే మనవాళ్ళు ఎక్కువగా చదివేది ఇవే అని తర్వాత అర్థమైంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగాయి, కార్డులు ఆగాయి, షాపు మూతపడింది. జీతం లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. అదే సమయంలో అందరూ ఇళ్ళలో ఉండి వంటలు వెతుకుతున్నారు. బ్లాగుకు వచ్చేవాళ్ళు రోజుకు ఐదు వందలు దాటారు. దీన్ని ఆదాయంగా మార్చాలని గట్టిగా అనుకుంది అప్పుడే. డొమైన్, అంటే సైటుకు సొంత పేరు, కొన్నాం. హోస్టింగ్, అంటే సైటును నెట్‌లో ఉంచే చోటు, తీసుకుని బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌కు మారాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. హోస్టింగ్ కంపెనీ మొదటి ఏడాదికి పంతొమ్మిది వందలు తీసుకుంది. రెండో ఏడాది రెన్యువల్‌కు ఆరువేల నాలుగు వందల బిల్లు పంపింది. ఆ రేటు మొదటి రోజే కింద చిన్న అక్షరాల్లో ఉంది, మేం చూడలేదు. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. మూడేళ్ళకు ఒకేసారి కట్టగలిగితే చాలాసార్లు అదే చవక.

మన పేజీల్లో ప్రకటనలు పెట్టి వచ్చిన డబ్బులో వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలను 2018 నుంచి తీసుకుంటోంది. అంతకుముందు తెలుగులో రాసేవాళ్ళకు ఆ దారే సరిగా లేదు. నా దరఖాస్తు రెండుసార్లు తిరస్కరించారు. రెండుసార్లూ కంటెంట్‌కు విలువ తక్కువ అనే జవాబు. చాలా బాధపడ్డాను, ఇన్ని రాత్రులు పడిన కష్టానికి విలువ లేదా అని. తర్వాత చల్లగా కూర్చుని చూస్తే పది పన్నెండు పేజీలు మరీ చిన్నవి, నాలుగు వాక్యాలు, ఒక ఫోటో. బ్లాగు ఎవరిదో చెప్పే పేజీ లేదు, ప్రైవసీ పాలసీ లేదు. చిన్నవాటిని కలిపి పెద్దవి చేశాం, ఆ రెండు పేజీలూ పెట్టాం. మూడోసారి ఒప్పుకున్నారు.

యాడ్స్ వచ్చిన మొదటి నెల మూడు డాలర్ల చిల్లర వచ్చింది. పది డాలర్లు దాటితే గూగుల్ మన ఇంటి అడ్రసుకు పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతుంది. అది ఎక్కిస్తేగాని డబ్బు కదలదు. మామూలు ఉత్తరం, ట్రాకింగ్ ఉండదు. మొదటిది రానే లేదు. నెల ఆగి రెండోది అడిగితే ఇరవై రోజులకు వచ్చింది. అడ్రసులో ఇంటి నంబరు పక్కన గుర్తుగా వీధి చివరి గుడి పేరు రాయడం, పోస్ట్‌మ్యాన్ అన్నకు ముందే చెప్పి పెట్టడం పనికొచ్చాయి.

ఈ సమయంలోనే ఒక భయం తగిలింది. మా ఆడబిడ్డ కొడుకు ఫోన్ చేసి, "అత్తా, నీకు డబ్బులు రావాలని నేనూ నా ఫ్రెండ్సూ రోజూ నీ యాడ్స్ నొక్కుతున్నాం" అన్నాడు. పిల్లవాడు ప్రేమతో చేసిన పని. కానీ అది నియమాలకు విరుద్ధం, అకౌంట్ శాశ్వతంగా పోవచ్చు. అప్పటికే నా ఖాతా మీద యాడ్స్‌కు పరిమితి పెట్టేశారు. నెలకు పైగా దాదాపు సున్నా ఆదాయం. చుట్టాలందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, యాడ్ నొక్కొద్దు, చదవండి చాలు, అని బతిమాలుకున్నాను. కొత్తగా బ్లాగు పెట్టేవాళ్ళు ఈ మాట ఇంట్లో మొదటి రోజే చెప్పాలి.

గూగుల్ మనకు డబ్బు పంపాలంటే వంద డాలర్లు పోగవ్వాలి. నాకు ఏడు నెలలు పట్టింది. విదేశం నుంచి వైర్ ట్రాన్స్‌ఫర్ కాబట్టి బ్యాంకును గుర్తుపట్టే స్విఫ్ట్ కోడ్ కావాలి. మా చిన్న బ్రాంచికి సొంత కోడ్ లేదు. మెయిన్ బ్రాంచి కోడ్ తీసుకుని, డబ్బు దేనికి వస్తోందో కాగితం రాసిచ్చాను. 2021 మార్చిలో ఏడు వేల పైచిలుకు ఖాతాలో పడింది. మెసేజ్ చూసి మా అత్త చేతికి ఫోన్ ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు, అంకెలు మాత్రం తెలుసు. "ఇది ఉగ్గాణి డబ్బులేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు లెక్క. ఇండియాలో చదివేవాళ్ళ వల్ల నాకు వెయ్యి వ్యూలకు ముప్ఫై ఐదు నుంచి యాభై రూపాయలు వస్తుంది. అమెరికా నుంచి చదివితే అదే వెయ్యికి నాలుగైదు రెట్లు. ప్రకటన ఇచ్చేవాళ్ళు అక్కడ ఎక్కువ పెడతారు, అంతకుమించి రహస్యం లేదు. మంచి నెలలో లక్షన్నర వ్యూలుంటే యాడ్స్ మీద ఎనిమిది నుంచి పదివేలు. ఉగాది, సంక్రాంతి ఉన్న నెలల్లో పద్నాలుగు, పదిహేను. వేసవిలో ఐదు వేలకు కూడా పడుతుంది. ఇనప పెనం, రాతి రోలు లాంటివాటికి కొనే లింకులు పెడితే కమీషన్ కింద ఇంకో వెయ్యో పన్నెండు వందలో. ఖర్చులు పోను, ఏడాది మొత్తం కలిపి పన్నెండుతో భాగిస్తే నెలకు తొమ్మిది వేల దరిదాపు. షాపులో చివర్లో నా జీతం తొమ్మిదిన్నర. కాబట్టి ఇంట్లో డీటీపీ పని పూర్తిగా మానలేదు, మానమని ఎవరికీ చెప్పను కూడా.

పండగ వంటలు పండగ వారంలో పెడితే లాభం లేదని రెండో ఏడాది తెలిసింది. గూగుల్ పేజీని చూసి, పెట్టాల్సిన చోట పెట్టడానికి వారాలు పడుతుంది. ఓళిగలు ఉగాదికి రెండు నెలల ముందే రాస్తాను. ఆ ఫోటోల కోసం సంక్రాంతి అయిన పదిరోజులకే మళ్ళీ పూర్ణం రుబ్బుతాం. ఫోటోలంటే గుర్తొచ్చింది, ఫోన్లో తీసిన బొమ్మ ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాగే పెడితే ఊళ్ళలో సిగ్నల్ తక్కువ ఉన్న ఫోన్లలో పేజీ తెరుచుకోక వెనక్కి వెళ్ళిపోతారు. ఇప్పుడు ఏ బొమ్మనూ వంద కేబీ దాటనివ్వను.

మనసుకు కష్టం కలిగించిన సంగతి ఒకటి చెప్పాలి. బ్లాగు కాస్త కనిపించడం మొదలయ్యాక ఈమెయిళ్ళు వచ్చేవి: మీ సైట్‌లో ఒక వ్యాసం పెట్టండి, అందులో మా లింకు ఉంటుంది, మూడు వేలిస్తాం. 2022లో పాప కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలో ఒకదానికి ఒప్పుకున్నాను. వ్యాసం వంటగది సామాన్ల గురించే. లింకు ఎక్కడికి వెళ్తుందో నొక్కి చూశాను, అప్పుడు మామూలు షాపు పేజీ. మూడు నెలల తర్వాత ఒక పాఠకురాలు రాసింది: "అక్కా, మీ పేజీలో లింకు నొక్కితే రమ్మీ ఆట వస్తోంది." డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఆ ఆటల్లో అప్పులపాలైన ఇల్లు మా వీధిలోనే ఉంది. ఆ పేజీ అదే గంటలో తీసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు తీసుకుని పెట్టిన లింకు అని గూగుల్‌కు తెలిసేలా దానికి గుర్తు పెట్టాలని, లేకపోతే సైటు మొత్తానికి దెబ్బ అని కూడా అప్పుడే చదివాను. ఆ తర్వాత అలాంటి ఒక్క ఈమెయిల్‌కూ జవాబివ్వలేదు. మూడు వేలకు నా ఇంటి గుమ్మం అద్దెకిచ్చినట్టు అనిపించింది.

నా ఫోటోలు, రాతలు ఎత్తుకుపోయి తమవిగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. గూగుల్‌కు కాపీరైట్ ఫిర్యాదు చేస్తే వెతుకులాటలోంచి తీసేస్తుంది. నాలుగు చేశాను, నాలుగూ తీశారు.

2023 సెప్టెంబర్‌లో వెతికినప్పుడు పేజీలను ఏ వరసలో చూపించాలో తేల్చే తన పద్ధతిని గూగుల్ మార్చింది. రెండు వారాల్లో నాకు వచ్చేవాళ్ళు సగానికి పడిపోయారు. ఏం తప్పు చేశానో ఎవరూ చెప్పరు, అడగడానికి మనిషి ఉండడు. పాపా నేనూ పేజీలన్నీ ఒక్కొక్కటిగా చూశాం. పడిపోయినవాటిలో ఎక్కువ భాగం, "బరువు తగ్గే పది చిట్కాలు", "కొర్రల లాభాలు" లాంటివి. జనం వెతుకుతున్నారని వేరేచోట్ల చదివి నేను కూర్చి రాసినవి. నా చేత్తో వండి, తూచి రాసినవి పెద్దగా పడలేదు. చిట్కాల పేజీలు నలభై రెండు తీసేశాను. మళ్ళీ పాత స్థాయికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఈ మధ్య కొన్ని వెతుకులాటలకు గూగులే పైన జవాబు రాసి ఇచ్చేస్తోంది, మన పేజీ దాకా రావాల్సిన పని ఉండట్లేదు. ఆ భయంతో ఒక వాట్సాప్ ఛానల్ పెట్టాను. కొత్త వంట పెట్టగానే అందులో చెప్తాను. గూగుల్ తలుపు మూసినా నేరుగా వచ్చేవాళ్ళు కొంతమంది ఉండాలి కదా.

ప్రశ్నలకు జవాబివ్వడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి కూర్చుంటాను. నా మంచి పేజీల్లో సగం ఎవరో అడిగిన ప్రశ్నల్లోంచే పుట్టాయి.

ఈ జనవరిలో న్యూజెర్సీ నుంచి ఒకమ్మాయి రాసింది. వాళ్ళ అమ్మది ధర్మవరం. "అక్కా, పితికిపప్పు చేయాలని ఉంది, ఇక్కడ అనపకాయలు దొరకవు, ఫ్రీజర్లో సూర్తి పాప్డీ లిల్వా అని ఉంది, అదేనా?" అని. అదే, మా అనపకాయ ఒక రకం చిక్కుడు, రెండూ ఒకే జాతి గింజలు. కానీ ఫ్రీజర్ గింజ ఎంత సేపు నానాలి, తోలు ఊడాక ఎంత పప్పు మిగులుతుంది అని కూడా అడిగింది. మా అత్త ముందు అనపకాయల కుప్ప పోసి కూర్చుంది. ఒలిచి రాత్రి నానబెట్టాం. పొద్దున్నే ఇద్దరం గింజను రెండు వేళ్ళ మధ్య పెట్టి పితకడం మొదలుపెట్టాం. గిన్నె సగం నిండాక నేను ఇంకా లేవకముందే ఆమె, "కాటా తేపో, పప్పు తడి ఆరకముందే తూచల్ల" అంది.